గడప మర్యాద

గుంటూరునుండి తెనాలికి పోవు రైలుమార్గములో సంగం జాగర్లమూడి యను గ్రామము కలదు. ఆ ఊరిలో ఒక రైతు కుటుంబము నివసించుచున్నది. ఇంటి యజమాని డెబ్బది యేండ్ల వృద్ధుడు. ఆయన పెద్ద మనుమరాలికి పెండ్లి సంబంధములు చూచుచున్నారు. మనుమడు ఇంజనీరింగు విద్యార్థి. చిన్న మనుమరాలు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచున్నది.

ఆ యేడు అకాలవర్షములకు వరిపంట దెబ్బతిన్నది. రెండవ పంటకు పెట్టుబడి కావలసివచ్చెను. ఒకనాటి రాత్రి తాత చిన్న మనుమరాలిని దగ్గరకు పిలిచి, "అమ్మాయీ, బంగారముపై అప్పిచ్చువారు ఎంత వడ్డీ తీసికొందురో ఫోనులో చూచి చెప్పుము. ఈ మాట ఇంటిలో ఎవ్వరికిని తెలియరాదు సుమా!" అనెను. బాలిక ఇంటి ఫోనులో వెదకి చెప్పినది. మరునాటికి ఆ సంగతి మరచిపోయినది కూడ.

నాలుగు దినముల పిమ్మట రేపల్లెనుండి పెండ్లివారు వచ్చిరి. కాఫీలు త్రాగిన తరువాత మాటల సందర్భములో సంగమేశ్వరస్వామి ఉత్సవము ప్రస్తావనకు వచ్చెను. ఆ వీడియో చూపుదమని బాలిక ఫోనును వరుని తండ్రిగారి చేతికిచ్చినది. ఉత్సవమునకు ముందు ఒక ప్రకటన వచ్చెను. "మీ బంగారముపై తక్షణమే అప్పు!" అని గట్టిగా పలికినది. నడుమ మరొకటి వచ్చెను. "డబ్బు అత్యవసరమా? నగలు తెండు, నగదు గొనిపొండు!" అని అదియు కేక వేసినది. వచ్చినవారు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. తాత తల వంచుకొనెను. "ఆలోచించి కబురు చేసెదము" అని చెప్పి వారు వెడలిపోయిరి.

ఆ సాయంకాలము వీథి అరుగుమీద పెద్ద వాదము జరిగినది. గుంటూరులో చాలకాలము న్యాయవాదిగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడొకరు ఆ యింటికి ఎదురుగా నుందురు. ఎనుబదియేండ్లు దాటిన ఆయనను పిల్లలు 'లాయరు తాతగారు' అని పిలుతురు. ఆయన కూడ వచ్చి కూర్చుండెను.

మొదట మనుమడు వాదము నారంభించెను. "ఇందులో ఫోను తప్పేమున్నది? వెదకినది మనమే. వీడియో చూచుటకు మనము పైసా చెల్లించుట లేదు. ఆ ఖర్చును ప్రకటనలు భరించుచున్నవి. అయినను తప్పు చేయనివానికి దాచుకొనుటకు ఏముండును?"

చెల్లెలు ఊరకుండలేదు. "అప్పు చేయుట తప్పు కాదు గదా, అన్నయ్యా! అయినను తాతయ్య దానిని దాచెను. నాకు మాత్రమే చెప్పెను. నేను ఎవ్వరికిని చెప్పలేదు. మరి ఆ ఫోను ఎందుకు చెప్పవలెను?"

లాయరు తాతగారు నవ్వి ఇట్లు చెప్పసాగిరి.

"అబ్బాయీ, ప్రకటనలు లేనిదే పత్రికలు నడువవనుట నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేయించి అమ్మిరి. 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది మద్రాసునుండి దినపత్రిక అయినది. తలనొప్పి మందుమీద వచ్చిన ధనము తెలుగువారికి వార్తలను, స్వాతంత్ర్యభావములను అందించుటకు తోడ్పడినది. కావున వ్యాపారమును, ప్రకటనను తూలనాడుట నా యభిమతము కాదు. కాని ఆనాటి ప్రకటనకును ఈనాటి ప్రకటనకును ఒక భేదమున్నది. పత్రికలో అచ్చైన అమృతాంజనపు ప్రకటన తెనాలివానికిని, మద్రాసువానికిని ఒక్కటే. దానిని మనము చూచెడివారము. అది మనలను చూడలేదు. ఎవనికి తల నొచ్చుచున్నదో దానికి తెలియదు. ఈనాటి ప్రకటన మనలను చూచి, మన నొప్పి తెలిసికొని, ఆ తరువాత వచ్చును."

"అది ఎట్లు తెలిసికొనును, తాతగారూ?" అని బాలిక అడిగెను.

ఈమారు సమాధానము అన్నయ్యయే చెప్పెను. అతడు ఆ విద్య చదువుచున్నవాడు. మనము వెదకిన మాటలు, చూచిన వీడియోలు, ఎంతసేపు చూచితిమన్నది, ఏ ఊరిలో నుంటిమన్నది, ఇవన్నియు పోగై ఒక ఖాతాగా ఏర్పడును. మనము ఒక పుట తెరచిన కనురెప్పపాటులో, ఆ పుటలోని ఖాళీ స్థలమునకు యంత్రముల నడుమ వేలము జరుగును. ఎవరి పాట లాభకరమో వారి ప్రకటన మన కంటబడును.

"దుగ్గిరాల యార్డులో పసుపు వేలమువలెనా?" అని తాత అడిగెను.

"అచ్చముగా అట్లే, తాతయ్యా. అయితే అక్కడ పసుపును అమ్ముదురు. ఇక్కడ మన చూపును అమ్ముదురు."

"పసుపు నాది. కొమ్ము చూపి, ధర విని, ఇష్టమైన నిత్తును, లేనిచో ఇంటికి తెచ్చుకొందును. నా చూపు అమ్ముడుపోవునప్పుడు నన్నెవ్వరును అడుగలేదే!" అని తాత పలికెను. మనుమడు ఒక క్షణము మాటాడలేదు. పిదప, "ఇది వ్యాపారము మాత్రమే. దీనికి హక్కులు, చట్టములు అని అంత పెద్ద మాటలు ఎందుకు?" అనెను.

లాయరు తాతగారు కండువా సవరించుకొనిరి. "ఆ పెద్దమాటల చరిత్ర మన గుంటూరునకు ఎంత దగ్గరిదో నీకు తెలియదు. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1954లో హైకోర్టును గుంటూరులో నెలకొల్పిరి. 1956లో అది హైదరాబాదునకు తరలిపోయినది. గుంటూరులో దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, రాజమహేంద్రవరమున జన్మించినవారు. నేనప్పుడు బాలుడను. తరువాత ఆయన సుప్రీంకోర్టునకు వెళ్లిరి. 1962లో ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశ్ వాసి కేసు అక్కడ తీర్పునకు వచ్చెను. అతనిపై నేరము రుజువు కాలేదు. అయినను పోలీసులు అతనిపై నిఘా పెట్టి, అర్ధరాత్రివేళ వచ్చి తలుపు తట్టుచుండెడివారు. రాత్రివేళ ఇంటికి వచ్చుట చెల్లదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాని గోప్యత అనునది రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు తలచిరి. సుబ్బారావుగారు మరియొక న్యాయమూర్తితో కలిసి వారితో విభేదించిరి. రాజ్యాంగమున ఆ మాట కనబడకున్నను, వ్యక్తిస్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని ఆయన వ్రాసిరి. ఎప్పుడును తన్నొకరు కనిపెట్టుచున్నారని యెరిగినవాడు స్వేచ్ఛగా నడువజాలడు గదా!"

"ఆయన ఓడిపోయెనా?" అని బాలిక అడిగెను.

"ఆనాటికి ఓడిపోయెను, తల్లీ. కాని న్యాయశాస్త్రములో ఓడిన మాట చావదు. ఆధారు పథకమును ప్రశ్నించుచు 2012లో పుట్టస్వామి అను విశ్రాంత న్యాయమూర్తి సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఆ సందర్భములో 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తులు, గోప్యత మౌలిక హక్కేయని ఏకగ్రీవముగా ప్రకటించిరి. యాబదియైదేండ్ల క్రిందటి సుబ్బారావుగారి అభిప్రాయమే సరియైనదని అంగీకరించిరి. ఆ తొమ్మిదిమందిలో కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వరుగారును ఒకరు."

"అది పోలీసుల సంగతి. మన వివరములను మనమే కంపెనీకి ఇచ్చుచున్నాము గదా?" అని మనుమడు మరల అడ్డువచ్చెను.

"మంచి ప్రశ్న వేసితివి. దానికిని మన రాష్ట్రమునందే సమాధానము పుట్టినది. స్టాంపుల చట్టమును ఆంధ్రప్రదేశ్‌లో 1986లో సవరించిరి. కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులోనికి పోయి, ఖాతాదారుల పత్రములు తీసి చూడవచ్చునని అందున్నది. కెనరా బ్యాంకు మొదలగునవి ఎదురు నిలిచినవి. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తీర్పు చెప్పినది. పత్రము బ్యాంకు బీరువాలో నున్నంతమాత్రమున దానిపై మనిషికిగల గోప్యత పోదని చెప్పినది. ఆ హక్కు స్థలమును కాక మనిషిని అంటియుండును. నమ్మి ఒకనికి ఇచ్చినది ఊరందరికి ఇచ్చినట్లు కాదు."

తాత తల యూచెను. మనుమడు మాత్రము పట్టు వదలక, "అట్లయినచో ప్రభుత్వమునకు ఏమియు తెలియరాదా? పింఛను ఎవరికి ఈయవలెనో, బియ్యము ఎవరికి అందవలెనో ఎట్లు తెలియును? దొంగను ఎట్లు పట్టుకొందురు?" అని అడిగెను.

"తెలియవలసినంత తెలియవలెను. అందుకు చట్టముండవలెను, ఉద్దేశము న్యాయమైనదై యుండవలెను, అవసరమునకు మించరాదు. ఇవియే 2017 నాటి తీర్పులోని కొలబద్దలు. వీనితోనే 2018లో అధికసంఖ్యాక న్యాయమూర్తులు సంక్షేమ పథకములకు ఆధారును సమర్థించిరి. ప్రైవేటు కంపెనీలు దానిని అడుగుటకు వీలు కల్పించిన భాగమును కొట్టివేసిరి. చూచితివా? అన్నియు మూయుట కాదు, అన్నియు తెరచుట కాదు. ఎవరికి, ఎంతవరకు, ఎందుకొరకు అన్నదే ప్రశ్న."

పిదప ఆయన గొంతు తగ్గించి, "అప్పు అమ్ముటకు పనికివచ్చు ఖాతాయే ఓటు అడుగుటకును పనికివచ్చును" అనెను. "2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అను సంస్థ సంగతి ప్రపంచమునకు తెలిసినది. ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష యను పేరుతో ఒక ఆట పెట్టి, ఆడినవారి వివరములే కాక వారి మిత్రుల వివరములను కూడ సేకరించిరి. రాజకీయ ప్రచారమునకు వానిని వినియోగించిరని వెల్లడియైనది. భారతదేశమున ఆ ఆటను పెట్టుకొన్నవారు 335 మంది. వారి మూలమున వివరములు పోయియుండవచ్చునని ఫేస్‌బుక్ వేసిన లెక్క దాదాపు 5 లక్షల 62 వేలమంది. ఒకడు తన తలుపు తీసినచో వీథిలోని ఇండ్లన్నియు తెరచుకొనినవి! 2019 ఎన్నికలకు ముందు మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఓటర్ల వివరములు అపహరింపబడినవని ఒకరిపై నొకరు ఆరోపించుకొనిరి. రెండు ప్రభుత్వములును వేరువేరుగా దర్యాప్తు బృందములను నియమించినవి. తప్పెవరిదని నేను చెప్పుట లేదు. నాయకుడు సభలో పదిమంది ఎదుట ఒక మాట చెప్పినచో పదిమందియు దానిని ఖండింపవచ్చును. ఒక్కొక్కని భయమెరిగి ఒక్కొక్కని చెవిలో ఒక్కొక్క మాట చెప్పినచో ఖండించువాడెవడు?"

మనుమడు నిట్టూర్చి, "మరి ఇప్పుడు చట్టమేమైన రక్షించునా?" అనెను. ఆ మాటలో వాదము కంటె జిజ్ఞాస ఎక్కువగా నుండెను.

"2023లో వ్యక్తిగత వివరముల రక్షణకు పార్లమెంటు ఒక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, అంచెలంచెలుగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెననియు, పిల్లల వెంటబడి వారి అలవాట్లు కనిపెట్టి ప్రకటనలు గుప్పించరాదనియు అందున్నది. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన మినహాయింపులు ఎక్కువయని కొందరు, దేశరక్షణకు అవి తప్పవని కొందరు వాదించుచున్నారు. ఆ వాదము మీరు పెద్దవారైన పిదప మీరే తీర్చవలసినది. కాని ఏ చట్టమైనను గడపవంటిది. గడప ఉన్నంత మాత్రమున చాలదు. ఇంటివాడు మెలకువగా నుండవలెను."

మరునాడు తెల్లవారుజామున తాత తలపాగా చుట్టుకొని తెనాలి మీదుగా రేపల్లె వెళ్లెను. పెండ్లివారి గడప వెలుపల నిలిచి, "ఇంటిలో ఎవరండీ?" అని పిలిచెను. లోపలికి రమ్మన్న తరువాతనే అడుగుపెట్టెను. పంట పోయిన సంగతి, అప్పు తలచిన సంగతి ఉన్నదున్నట్లు చెప్పెను. వరుని తండ్రి ఆయన చేయి పట్టుకొని, "అన్నయ్యగారూ, అప్పు లేని రైతు ఎక్కడ నున్నాడండీ? మాకు బాధ కలిగినది అప్పును గూర్చి కాదు, మాకు చెప్పలేదే యని. ఇప్పుడు మీరే వచ్చి చెప్పితిరి. ఇంకేమి కావలెను?" అనెను.

ఇంటికి వచ్చిన తాత మనుమనితో, "నాయనా, దాచుకొనుటకు నా యొద్ద ఏమున్నదని నిన్న అడిగితివి. నేను దాచదలచినది దోషము కాదు. చెప్పవలసినవారికి, చెప్పవలసిన వేళ, నా నోటితో చెప్పుకొను అధికారమును దాచుకొంటిని. దానినే ఆ ఫోను నా చేతిలోనుండి లాగికొన్నది" అనెను.

మనుమడు మాటాడక ఫోను తీసికొని, ఏయే యాప్‌లకు ఏయే వివరములు చూచు అనుమతి యున్నదో చెల్లెలితో కూర్చుండి ఒక్కొక్కటిగా పరిశీలించెను. అవసరము లేనివానిని తొలగించెను. ప్రకటనలకై దాచిన పాత వెదకులాటలను చెరిపివేసెను.

పిల్లలారా! మన పల్లెలలో తలుపులు పగలంతయు తెరచియే యుండును. అయినను పిలువనిదే ఎవ్వరును లోపలికి పోరు. ఆ మర్యాదను నేర్పిన గ్రంథము లేదు. కాని అది లేని ఊరు లేదు. క్రొత్త యంత్రములకు కూడ ఆ మర్యాదను నేర్పుట ఈ తరము చేయవలసిన పని.

ప్రశ్నలు

1. పూర్వపు పత్రికా ప్రకటనకును, నేటి ఫోను ప్రకటనకును గల భేదమును లాయరు తాతగారు ఎట్లు వివరించిరి?
2. 1962, 2004, 2017 సంవత్సరముల తీర్పులలో గోప్యతను గూర్చి ఏమి చెప్పబడినది?
3. "నేను దాచదలచినది దోషము కాదు" అని తాత పలికిన మాటలోని అంతరార్థమేమి?
4. మనుమని వాదములలో మీకు సరియని తోచినది ఏది? కారణములతో వ్రాయుడు.