పాలు పోసుకునే గింజ దగ్గర

మీ అబ్బాయో అమ్మాయో సైన్సు పుస్తకం ముందేసుకుని "కిరణజన్య సంయోగక్రియ, పిండిపదార్థం" అని వల్లె వేస్తుంటే, "మాకేం తెలుసు, మేమేం చదువుకున్నాం" అని పక్కకు వెళ్లిపోకండి. మాచర్ల చుట్టుపక్కల సాగర్ కుడి కాలువ కింద వరి పండించేవాళ్లకూ, మెట్ట చేలల్లో పత్తి వేసేవాళ్లకూ ఆ పాఠం ఏటా కళ్లముందు జరిగేదే.

వరి ఈనిన కొన్నాళ్లకు పిల్లల్ని చేలోకి తీసుకెళ్లండి. ఒక గింజ తుంచి గోటితో నొక్కమనండి. తెల్లగా పాలు వస్తాయి. ఆకు ఎండ సాయంతో గాలిలోని కార్బన్ డయాక్సైడునూ, వేరు తెచ్చిన నీటినీ కలిపి చక్కెర చేస్తుంది. చక్కెర నీళ్లలో కరుగుతుంది కాబట్టి కాండం గుండా కంకికి పోగలదు. అక్కడ కరగని పిండిగా మారి నిలవుంటుంది. ఈనకముందే కాండంలో దాచుకున్న పిండి కూడా కొంత చక్కెరై గింజకే చేరుతుంది. ఆ పాలు గట్టిపడితేనే బియ్యం. సరిగ్గా ఆ రోజుల్లో మబ్బు పట్టినా, నీరు అందకపోయినా తాలు ఎందుకు ఎక్కువవుతుందో మీరే చెప్పండి. మీ నోట విన్నది పిల్లలకు గుర్తుండిపోతుంది.

పిండి ఎక్కడుందో ఇంట్లోనూ చూపించవచ్చు. పుండ్లకు రాసే అయోడిన్ మందులో కాస్త నీళ్లు కలిపి, అన్నం మెతుకు మీద ఒక చుక్క వేయండి. నీలి నలుపుకు తిరుగుతుంది. పంచదార మీద ఆ రంగు రాదు. పచ్చి అరటికాయ ముక్క నల్లబడుతుంది, బాగా మాగిన పండు అంతగా మారదు. దానిలో పిండి చాలావరకు చక్కెరైపోయింది మరి. చుక్క మీరే వేయండి, అది పడ్డ మెతుకులూ ముక్కలూ నోట్లో పెట్టుకోనివ్వకండి. వేసేముందు మాత్రం "ఏమవుతుందంటావు?" అని అడిగి, వాళ్లు ఆలోచించేదాకా ఆగండి. ఈ ఆగడమే మనకు కష్టం, కానీ చాలా అవసరం.

తర్వాత చేలోని దూది మీద ఒక చుక్క వేయండి. నీలం రాదు. దూది దాదాపు అంతా సెల్యులోజే. అదీ పిండిలాగే గ్లూకోజుతో కట్టినదే, కట్టిన తీరు వేరు. అందుకే మన కడుపు దాన్ని అరిగించుకోలేదు. వరిగడ్డిలోనూ సెల్యులోజే ఎక్కువ. మరి గేదె ఆ గడ్డి తిని ఎలా బతుకుతోందని పిల్లలే అడుగుతారు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు విరగ్గొడతాయని చెప్పండి. "ఎలా విరగ్గొడతాయి?" అన్నారంటే, ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకుని మర్నాడు సైన్సు టీచర్ని అడగమనండి.