దాచిన పిండిముద్ద



రాత్రి రుబ్బిన దోసెల పిండి తెల్లవారేసరికి పొంగుతుంది. మనం ఈస్టు వేయలేదు. బియ్యం, మినపప్పుల మీదున్న సూక్ష్మజీవులే ఆ పని చేశాయి. ‘సోర్‌డో’ అనే పుల్లరొట్టె రహస్యమూ అదే.

గోధుమపిండిని సమాన తూకం నీళ్లతో కలిపి, వదులుగా మూత పెట్టండి. రోజూ సగం తీసివేసి, అంతే కొత్త పిండి, నీళ్లు కలపండి. సుమారు వారం పది రోజులకు, కలిపిన కొద్ది గంటల్లోనే రెట్టింపవుతుంది. కరీంనగర్ ఎండల్లో ఇంకా త్వరగా పులుస్తుంది. బూజు పడితే పారవేయండి. పులిసిన దానితో మరికొంత పిండి, నీళ్లు, ఉప్పు కలిపి పిసికి, పొంగాక ఓవెన్‌లో కాల్చండి. అయితే ఉప్పు వేయకముందే ఒక ముద్ద తీసి దాచాలి. మరిచారా, మళ్లీ మొదటి నుండే!

మత్తయి సువార్త 13:33లో స్త్రీ మూడు కుంచాల పిండిలో కలిపినది ఇటువంటిదే. డబ్బా ఈస్టు 19వ శతాబ్దంలో గాని రాలేదు. కొంచెమే కలిపింది, అది కనబడకుండా, నెమ్మదిగా, పిండినంతా మార్చింది.

తల్లిదండ్రులారా, సాయంకాలం ఇంట్లో చెప్పుకునే జపమాల అటువంటి ముద్దే. పనుల తొందరలో దాన్ని దాచడం మరిచిపోతే, రేపు మన పిల్లల ఇంట్లో పిండి దేనితో పులుస్తుంది?