ఇంటి నెమ్ము – ఒంటి నెమ్ము

(వైజ్ఞానిక వ్యాసం)

ఉద్దేశం: ఇంటి గోడలకు పట్టే బూజు వల్ల కలిగే వ్యాధులను, వాటికి నేడు లభిస్తున్న చికిత్సలను పరిచయం చేయడం; ఏ వ్యాధికి ఏ చికిత్స తగినదో వివేచించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'నెమ్ము' అనే మాటకు రెండర్థాలున్నాయి. గోడకు ఊరిన చెమ్మ నెమ్మే; రొమ్ములో చేరిన జబ్బూ నెమ్మే. "గోడ నెమ్మెక్కింది" అన్న నోటితోనే "బిడ్డకు నెమ్ము చేసింది" అని కూడ పెద్దలంటారు. ఈ రెండర్థాలు ఒక మాటలో ఎలా చేరినా, వాటి నడుమ గల సంబంధం ఆలోచింపదగినది. 'బూజు' కూడ ఇటువంటి మాటే. ఇంటి కప్పుకు వేలాడే సాలెగూటి బూజు వేరు. ఊరగాయ మీద, తడిగోడ మీద పెరిగే బూజు వేరు. రెండవది ప్రాణమున్న శిలీంధ్రం. ఈ పాఠంలో బూజు అంటే అదే.

శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లి ఒకనాడు సాధారణమైన పల్లె. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత నగరం పడమరకు విస్తరించింది. గచ్చిబౌలి, నానక్‌రాంగూడలను దాటి గోపన్‌పల్లి దాక బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. వాటి పక్కనే అద్దెగదులు, వసతిగృహాలు, భవన నిర్మాణ కార్మికుల రేకుల గదులు వెలిశాయి. మేడైనా రేకుల గదియైనా నీరు దిగిన గోడ ఒకే విధంగా ప్రవర్తిస్తుంది. స్నానాల గది గొట్టం కారినా, వాన నీరు కప్పులోకి ఇంకినా, ఏసీ కోసం కిటికీలు మూసి ఉంచిన గదిలో తడిబట్టలు ఆరవేసినా గోడకు తేమ పడుతుంది. ఒకటి రెండు రోజులలో ఆరని తడి మీద బూజు మొలకెత్తగలదు.

బూజు విత్తనాల వంటి సిద్ధబీజాలను గాలిలోకి వదులుతుంది. అవి అత్యల్ప పరిమాణం గలవి. ఉచ్ఛ్వాస నిశ్వాసాలతో అవి మనలోనికి ప్రవేశిస్తూనే ఉంటాయి. ఆరోగ్యవంతునికి వాటివల్ల సాధారణంగా హాని కలగదు. కాని కొందరి శరీరం వాటిని శత్రువులుగా భావించి అతిగా ప్రతిస్పందిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి చెమ్మ, బూజులపై మార్గదర్శకాలను ప్రకటించింది. ఎంత బూజు ఉంటే ప్రమాదమో సంఖ్యలో చెప్పలేమనీ, అసలు చెమ్మనే నివారించాలనీ ఆ గ్రంథం సారాంశం.

చికిత్సా మార్గాలు

బూజు వల్ల కలిగే వ్యాధి ఒకటి కాదు. కనుక చికిత్స కూడ ఒకటి కాదు.

మొదటిది ముక్కుకు సంబంధించిన ఎలర్జీ. ఎడతెగని తుమ్ములు, నీరు కారడం, కళ్ల దురద దీని లక్షణాలు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, ఎలర్జీని అణచే మాత్రలు, ముక్కులో కొట్టుకొనే స్టెరాయిడ్ స్ప్రే దీనికి చికిత్స. ముక్కు చుట్టూ ఉన్న గాలిగదులలో శిలీంధ్రం పేరుకొని కండలు పెరిగితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

రెండవది ఉబ్బసం. బూజు దీనిని రేపుతుంది. దీనికి ప్రధాన ఔషధం పీల్చే స్టెరాయిడ్. ఇన్‌హేలరు వాడితే అలవాటైపోతుందనే భయం మన సమాజంలో బలంగా ఉంది. నిజానికి పీల్చిన మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది. కనుక స్వల్ప మోతాదు సరిపోతుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే ఉపశమనపు మందు పీల్చి, లోపలి వాపును నిర్లక్ష్యం చేయడమే ప్రమాదకరం. ప్రపంచ ఉబ్బస నిపుణుల సంఘమైన జీనా 2019 నుంచి ఈ పద్ధతిని కూడదంటున్నది.

మూడవది ఉబ్బస రోగులలో కొందరికి వచ్చే తీవ్రమైన వ్యాధి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు శ్వాసనాళాలలో స్థిరపడి, దానిపై శరీరం చేసే పోరాటమే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు చూసి దీనిని క్షయగా భ్రమించే సందర్భాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. లేని క్షయకు నెలల తరబడి మందులు మింగిన రోగికి కాలం, ధనం, ఊపిరితిత్తుల బలం మూడూ నష్టమే. కఫంలో క్షయక్రిములు కనిపించని ఉబ్బస రోగికి ఐజీఈ రక్తపరీక్ష చేయించడం ఉచితం. నోటి ద్వారా స్టెరాయిడ్ గాని, ఇట్రాకొనజోల్ అనే శిలీంధ్ర నాశక ఔషధం గాని కొన్ని నెలలు వాడడం దీనికి చికిత్స.

నాలుగవది ఊపిరితిత్తుల కణజాలం వాచే వ్యాధి. ఇది నెమ్మదిగా ముదిరి, ఊపిరితిత్తులను గట్టిపరచి, మెట్లు ఎక్కలేని స్థితికి తెస్తుంది. 2017లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనం ఇటువంటి ఊపిరితిత్తుల వ్యాధులున్న 1084 మందిని పరిశీలించింది. వారిలో 47 శాతం మందికి పైగా ఈ కోవకు చెందినవారే. వీరిలో చాలామంది ఎయిర్ కూలర్లు వాడినవారు. వేసవిలో మన ఇళ్లలో తిరిగే కూలరు గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నిరుడు వాడి మూలన పెట్టిన గడ్డిని మార్చకుండ మళ్లీ నీళ్లు పోస్తే, ఆ గాలితో పాటు బూజునూ పీలుస్తాం. ఈ వ్యాధికి స్టెరాయిడ్లు, ఇతర మందులు ఉన్నాయి. కాని కారణాన్ని తొలగించనంత కాలం ఏ మందూ పూర్తిగా పనిచేయదు. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు.

ఐదవది అరుదైనది, అతి భయంకరమైనది. 2021లో కరోనా రెండవ వెల్లువలో 'బ్లాక్ ఫంగస్' అని పేరుపడిన మ్యూకార్‌మైకోసిస్ ఈ జాతికి చెందిన వ్యాధి. అదుపులేని మధుమేహం, మితిమీరిన స్టెరాయిడ్ల వాడకం దానికి దోహదం చేశాయి. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాదులోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని చికిత్సకు ప్రధాన కేంద్రంగా నిర్ణయించింది. చెడిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగించడం, ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లు ఇవ్వడం, చక్కెరను అదుపు చేయడం దీని చికిత్స. ఆలస్యమైతే కన్ను పోవచ్చు, ప్రాణాపాయం కలగవచ్చు. అయితే గోడ మీద నల్లబూజు కనిపించగానే ఈ వ్యాధి వస్తుందని భయపడరాదు. గోడపై నలుపు వేరు. ఈ వ్యాధి వేరు.

చికిత్స కానివి

ఎలర్జీకి శిలీంధ్ర నాశక మాత్రలు సాధారణంగా అవసరం లేదు. అవి కాలేయానికి హాని చేయగలవు. శరీరంలోని 'బూజు విషాన్ని' కడిగివేస్తామనే ఖరీదైన పానీయాలకు, మూత్రపరీక్షలకు శాస్త్రాధారం లేదు. సాంబ్రాణి పొగ గదికి సువాసననిస్తుంది గాని, ఉబ్బసరోగికి ఆయాసాన్ని పెంచుతుంది. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వంశీయులు ఇచ్చే చేపప్రసాదానికి వేలమంది వెళతారు. దాని రోగనివారణ శక్తి శాస్త్రీయ పరీక్షలలో నిరూపితం కాలేదు. విశ్వాసం ఎవరిదైనా గౌరవింపదగినదే. కాని దానిని నమ్మి ఇన్‌హేలరును ఆపడం ప్రాణంతో పందెం కట్టడమే.

ఇంటికి చికిత్స

ఆయుర్వేదంలో 'నిదాన పరివర్జనం' అనే సూత్రం ఉంది. వ్యాధికి కారణమైన దానిని విడిచిపెట్టడమే చికిత్సలో తొలిమెట్టు అని దాని భావం. ఇక్కడ నిదానం గోడలోని నీరు. ముందు కారే గొట్టాన్ని బాగుచేయాలి. ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, కిటికీలు తెరిచి, సబ్బునీటితో గోడను కడిగి బాగా ఆరనివ్వాలి. బ్లీచింగును ఆమ్లంతో గాని, అమ్మోనియాతో గాని కలిపితే విషవాయువు పుడుతుంది, ఎన్నడూ కలపరాదు. బూజు పట్టిన పరుపును, జిప్సం పలకను పారవేయడమే మేలు. తడి ఆరకుండ పైన రంగు వేయడం చీము తీయకుండ పుండుకు కట్టు కట్టడం వంటిది. మన పెద్దలు ఏటేటా గోడలకు సున్నం కొట్టేవారు. సున్నపు క్షారగుణం బూజును ఎదగనివ్వదు. ఉబ్బసం ఉన్నవారు ఈ శుభ్రం చేసే పనికి దూరంగా ఉండాలి.

సొంత ఇల్లున్నవారు గోడను బాగుచేసుకోగలరు. అద్దెకుండేవారి మాటేమిటి? ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ల బాలుడు మరణించాడు. తల్లిదండ్రులు ఇంటి బూజును గురించి ఎన్నోమార్లు మొరపెట్టుకొన్నా ఇంటి యాజమాన్య సంస్థ బాగుచేయలేదు. బూజువల్లనే ఆ పసివాడు మరణించాడని 2022లో మరణ విచారణాధికారి తేల్చారు. ఆ మరుసటి ఏడు ఆ బాలుని పేరుతో అక్కడ చట్టం వచ్చింది. సామాజిక గృహాల యజమానులు చెమ్మను, బూజును నిర్ణీత కాలంలో తొలగించాలని అది శాసిస్తుంది. అద్దె తీసుకొనేవారికి పొడిగోడ ఇచ్చే బాధ్యత కూడ ఉండాలన్నది ఆ చట్టం నేర్పే పాఠం.

బూజు జాతి అంతా శత్రువు కాదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు నుంచే పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. భీమవరంలో జన్మించి, అమెరికాలో ఎన్నో ఔషధాల పరిశోధనను నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గౌరవార్థం 1953లో ఒక శిలీంధ్రానికి 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టారు. శిలీంధ్రాన్ని నశింపజేసే ఆంఫోటెరిసిన్-బి కూడ మట్టిలోని సూక్ష్మజీవి ప్రసాదించినదే. ప్రకృతిలో ప్రతిదానికీ చోటుంది. బూజుకు చోటు మన పడకగది గోడ కాదు.

దగ్గు ఎంతకూ తగ్గనప్పుడు వైద్యుడు ఛాతీని పరీక్షిస్తాడు. ఆ రోగి నిద్రించే గది గోడను పరీక్షించవలసినవారు ఆ ఇంటివారే. ఏ గదిలో దగ్గు పెరుగుతున్నది, ఊరికి వెళితే తగ్గుతున్నదా అన్న విషయం వైద్యునికి చెప్పగలిగితే సగం రోగనిర్ణయం అయినట్లే.

కఠిన పదాలకు అర్థాలు

సిద్ధబీజం = శిలీంధ్రం వ్యాప్తికి కారణమైన సూక్ష్మ కణం
నిదానం = మూలకారణం
పరివర్జనం = పూర్తిగా విడిచిపెట్టడం
దోహదం = తోడ్పాటు
ఉచితం = తగినది

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బూజు వల్ల కలిగే వ్యాధులను, వాటి చికిత్సలను వివరించండి.
2. 'నిదాన పరివర్జనం' అనే సూత్రాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఉబ్బసరోగికి క్షయమందులు ఇచ్చే పొరపాటు ఎందుకు జరుగుతుంది?
2. ఎయిర్ కూలర్ల వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్త ఏది?
3. రోచ్‌డేల్ ఘటన నుంచి మనం గ్రహించవలసినదేమి?

III. భాషాంశాలు
సంధులు: అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి; ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి.
సమాసాలు: నల్లబూజు – నల్లనైన బూజు – విశేషణ పూర్వపద కర్మధారయం, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు – ఉచ్ఛ్వాసమూ నిశ్వాసమూ – ద్వంద్వ సమాసం.

IV. కృత్యం: మీ ఇంటిలో లేదా వసతిగృహంలో చెమ్మ పట్టిన చోట్లను గుర్తించి, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి, బాగుచేయవలసినవారికి ఒక లేఖ రాయండి.