నాణెం చదవడం

తెలుగులో ‘నాణెం’ అనే మాటకు రెండు అర్థాలున్నవి. టంకశాలలో ముద్రించిన సొమ్ము నాణెం. మేలైన సరుకును కూడా మన పెద్దలు ‘నాణెమైన సరుకు’ అంటారు. ‘నాణ్యత’ అన్నా ఆ కుదురులోనిదే. ఉర్దూలో నాణేనికి ‘సిక్కా’ అని పేరు. దానిని ముద్రించడం ‘జర్బ్’, అనగా దెబ్బ. లెక్కల తరగతిలో గుణకారాన్ని కూడా జర్బ్ అనడం మన ఉర్దూ విభాగం విద్యార్థులకు తెలిసినదే. వెండి బిళ్ళను రెండు అచ్చుల నడుమ ఉంచి దెబ్బ వేస్తే అది సొమ్మవుతున్నది. అక్కడినుంచి అది ఎందరి చేతులు మారినదో, ఎంత అరిగినదో, చివరకు ఏ పెట్టెలో ఆగినదో తెలుసుకొనగోరే శాస్త్రమే నాణకశాస్త్రం.

దీనికి పెద్ద గ్రంథాలయం గాని, పెద్ద మొత్తం గాని అవసరం లేదు. హైదరాబాదు సంస్థానపు వెండి రూపాయి ఒక్కటి చాలు. తెలంగాణలో, పూర్వపు నిజాం రాజ్యంలోని మరాఠీ, కన్నడ ప్రాంతాలలో పాత కుటుంబాల ఇండ్లలో ఇది ఇప్పటికీ కనబడుతుంది. మా ఇంట్లో అటువంటివి రెండున్నవి. వాటిలో ఒకదానిని చేతిలోకి తీసుకొని చదువుదాము.

ఒక వైపు నడుమ చార్మినారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, చార్మినారు ఈ నాణేల మీదికి ఎక్కినది. ద్వారం వద్ద ఒక చిన్న అక్షరం ఉంటుంది. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీఖాన్ నాణెం, ‘ఐన్’ ఉంటే 1911లో సింహాసనం ఎక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాణెం. మా నాణెం మీద ఉన్నది ‘ఐన్’. చుట్టూ ‘నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బహద్దూర్’ అనే బిరుదావళి, పారసీ అంకెలలో 1343 అనే సంవత్సరం. ఇది హిజ్రీ లెక్క. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్న సుమారు పదకొండు రోజులు తక్కువ గనుక 1343కు నేరుగా 622 కలిపితే తప్పు వస్తుంది. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలుపుకొంటే రమారమి క్రీస్తు శకం తెలుస్తుంది. ఆ ప్రకారం మనది 1924–25 నాటిది.

అదే వైపు 92 అనే మరొక అంకె ఉన్నది. కొత్తవారు దీనిని కూడా సంవత్సరమనుకొని తికమకపడతారు. ఇది తేదీ కాదు. అబ్జద్ లెక్కలో ప్రతి అరబ్బీ అక్షరానికి ఒక విలువ ఉంటుంది. మీమ్‌కు 40, హేకు 8, తిరిగి మీమ్‌కు 40, దాల్‌కు 4. కలిపితే 92. ఆ అక్షరాలు నాలుగూ కూడితే ‘ముహమ్మద్’ అనే ప్రవక్త నామం. పేరును పేరుగా రాయక అంకెగా రాసిన ఈ పద్ధతి తెలియనివారికి ఆ 92 ఎన్నటికీ విడిపోని ముడి.

రెండవ వైపు నడుమ నాణెపు విలువ, చుట్టూ ‘జులూస్ మైమనత్ మానూస్, జర్బ్ ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని ఉంటుంది. శుభప్రదమైన పట్టాభిషేక సంవత్సరంలో, మంగళకరమైన పునాది గల హైదరాబాదులో ముద్రితమని దాని భావం. ఇక్కడి 14 అనే అంకె ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో పదునాలుగవ ఏడును చెబుతుంది. 1329లో మొదలైన ఏలుబడికి 1343లో పదునాలుగవ ఏడు నడవడం సరిపోతున్నది. ఈ రెండు సంఖ్యలు పొసగకపోతే నాణేన్ని అనుమానించవలసిందే. నకిలీ చేసేవారు బొమ్మను జాగ్రత్తగా దించుతారు గాని లెక్కను తరచు మరచిపోతారు.

ఈ రూపాయిని ‘హాలీ సిక్కా’ అనేవారు. హాలీ అంటే ప్రస్తుతం చెలామణిలో ఉన్నది. బ్రిటిషు ఇండియా రూపాయి ‘కల్దార్’, అంటే యంత్రంతో చేసినది. హాలీ కూడా తరువాత యంత్రం మీదనే తయారైనా ఆ పేరు మాత్రం బ్రిటిషు రూపాయికే నిలిచిపోయినది. 1950లో భారత రూపాయి వచ్చినపుడు ఏడు హాలీలకు ఆరు భారత రూపాయలని లెక్క కట్టినారు. హాలీ ముద్రణ 1951లో ఆగినది. పూర్తిగా రద్దయినది 1959లో. ఈ ఏడు, ఆరు ఎక్కడినుంచి వచ్చినవని అడిగితే సమాధానం వెండిలోనే దొరుకుతుంది. మనం చూస్తున్న హాలీ రూపాయి తూకం 11.178 గ్రాములు, అందులో వెండి వెయ్యింట 818 పాళ్ళు. 1940లో వెండిని సగానికి తగ్గించకముందు కల్దారు తూకం 11.66 గ్రాములు, వెండి పన్నెండింట పదకొండు పాళ్ళు. ఏడు హాలీలలోని వెండిని లెక్కించండి, ఆరు కల్దార్లలోని వెండిని లెక్కించండి. రెండు చోట్లా సుమారు 64 గ్రాములే వస్తుంది. అంగడిలో సరాఫు నోటిలెక్కగా చెప్పే మారకం వెనుక ఇంత లోహం ఉన్నది.

ఇక నాణెం స్థితిని నిర్ణయించడం. సేకర్తలు దీనికి ఇంగ్లీషు పేర్లనే వాడుతున్నారు. అసలు చెలామణికే పోనిది అన్‌సర్క్యులేటెడ్. దాని తరువాత వరుసగా ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, వెరీ ఫైన్, ఫైన్, వెరీ గుడ్, గుడ్. ఈ భాషలో ‘గుడ్’ అంటే మంచిదని అర్థం కాదు. బొమ్మ ఆకారం మిగిలి, వివరాలు చాలావరకు చెరిగిపోయినదని అర్థం. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా పండితుడు పాత రాగి సెంట్ల కోసం ఒకటి నుంచి 70 దాకా అంకెలతో ఒక కొలబద్ద చేసినాడు. నేడు ప్రపంచమంతటా వ్యాపారులు దానినే అనుసరిస్తున్నారు. మన నాణెం విషయంలో అంకెల కన్న చూపు ముఖ్యం. ఏ నాణెం మీదనైనా ముందు అరిగేది ఎత్తుగా ఉన్న భాగమే. చార్మినారు గీతలు, ద్వారం వద్ద అక్షరం, అంచు పూసలు భూతద్దంతో వరుసగా చూడండి. అరుగుదల వేరు, గీత వేరు, ముద్రణలోనే అచ్చు సరిగా పడకపోవడం వేరు. ఈ మూడింటినీ వేరుపరచగలిగినవాడికి సగం విద్య వచ్చినట్టే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. ఈ రెండు రూపాయలు మా దాదీ పాన్‌దాన్‌లో, సున్నపు డబ్బీ పక్కన, గుడ్డ పేలికలో ఉండేవి. ఏళ్ళ తరబడి గాలి తగిలి వాటి మీద నల్లని పొర ఒకటి ఏర్పడినది. ఏడవ తరగతిలో పాఠశాల ప్రదర్శన కోసమని నేను వాటిని చింతపండుతో, బూడిదతో రాగిచెంబు తోమినట్టు తోమినాను. తళతళలాడినవి. బహుమతి కూడా వచ్చినది. చాలా ఏళ్ళ తరువాత నాణేలు తెలిసిన ఒక పెద్దమనిషికి చూపితే, ఆయన వాటిని చేతితో ముట్టకుండానే “కడిగినవి” అన్నాడు. ఆ నల్లని పొర మురికి కాదు, వెండికి కాలం ఇచ్చిన కవచం. బూడిద గీతలు ఇప్పుడు భూతద్దంలో ఒకే దిక్కుకు బారులు తీరి కనబడుతున్నవి. వాటిని తీయడం ఎవరివల్లా కాదు.

దానికన్న పెద్ద తప్పు మరొకటి. ఆ రెండు నాణేలూ ఒకే రాజువి, ఒకే సంవత్సరానివి. దాదీ వాటిని వేరువేరు ముడులలో ఉంచేది. ఒకటి ఆమె మెహర్ సొమ్ములోనిది. రెండవది వాళ్ళ నాన్నగారి తొలి జీతంలోనిది. తోమే తొందరలో నేను రెండు ముడులూ విప్పి రెండింటినీ ఒక్క గిన్నెలో వేసినాను. ఏది ఏదో ఆమెను ఆనాడు అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. అంగట్లో వాటి ధరలో భేదం లేదు.

సేకర్తలు పూర్వాపరం అనేది దీనినే. నాణెం ఎక్కడ దొరికినది, ఎవరినుంచి ఎవరికి వచ్చినది అన్న వృత్తాంతం. ఇది ఇంటి ముచ్చటగా మాత్రమే మిగిలేది కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో శాతవాహన మూలపురుషుడైన సిముకుని పేరు గల నాణేలు దొరికినవి. వాటితోపాటు అంతకు ముందరి గోబద, సమగోప వంటి స్థానిక పాలకుల నాణేలు కూడా దొరికినవి. శాతవాహనుల ఆరంభం ఈ నేలమీదనే అని వాదించే చరిత్రకారులకు ఇవే బలం. అవే నాణేలు ఏ నగరపు అంగడిలోనో ఊరు పేరు లేకుండా అమ్ముడై ఉంటే ఆ వాదానికి ఆధారమే ఉండేది కాదు. అందుకే పొలంలో, పునాదిలో దొరికిన నిధిని దాచరాదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయవలెను. నూరేళ్ళు నిండిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దానిని సొంతంగా విదేశాలకు పంపరాదు.

ఆశ పెట్టే మోసాలను గురించి ఒక మాట. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి, ఒక వైపు హనుమంతుని బొమ్మ వేసిన నాణేలు మన సంతలలో అమ్ముతుంటారు. కంపెనీ అటువంటి నాణెం ఏనాడూ ముద్రించలేదు. పాత నాణేనికి లక్షలిస్తామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుము అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించినది.

వెండి రూపాయి లేనివారు నిరుత్సాహపడనవసరం లేదు. జేబులోని చిల్లర ఉన్నది గదా! సంవత్సరం అడుగున చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలది. వజ్రాకారం ముంబయిది. చుక్క 1988లో మొదలైన నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఒకే సంవత్సరపు ఒకే విలువ నాణేన్ని నాలుగు గుర్తులతోనూ సంపాదించడం అనుకొన్నంత తేలిక కాదు. బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరను దిగేలోపల తిరగవేసి చూడడంలో ఉన్న ఉత్సాహం చేపలు పట్టేవాడికి తెలుసు. కొట్టువాళ్ళు ‘ఇది చెల్లదు’ అని నెట్టివేసే పది రూపాయల నాణెం సేకర్తకు వరమే. 2018 జనవరి నాటికే అందులో 14 నమూనాలు ఉన్నవని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ప్రకటించినది. నూటనలభై రూపాయలకు ఒక చిన్న సంగ్రహం! చెల్లింపులన్నీ ఫోనులోకి పోతున్న ఈ రోజులలో చిల్లర చేతికి రావడమే తగ్గుతున్నది గనుక ఇప్పుడే మొదలుపెట్టడం మేలు.

నాణేన్ని అంచులతో పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టవద్దు. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ సంచులలో ఉంచితే కొన్నాళ్ళకు పచ్చని జిగురు పడుతుంది. కాగితపు కవరు మేలు. ఆ కవరు మీద నాణెం లోపల పెట్టకముందే నాలుగు సంగతులు రాయండి: ఎవరిచ్చినారు, ఎప్పుడు, వారికి ఎలా వచ్చినది, మీరు చదివిన సంవత్సరం ఏది.

ఈ సంచికను ఎడమనుంచి తెరిస్తే తెలుగు, కుడినుంచి తెరిస్తే ఉర్దూ. హాలీ రూపాయిని చదవడానికి ఉర్దూ లిపి కావలెను. అది ఏ ఊరి ఇంట్లో ఎలా నిలిచినదో ఇంటి పెద్దల నోట విని రాసుకొనడానికి చాలా చోట్ల తెలుగు కావలెను. సెలవులలో ఇంటికి పోయినపుడు పాత పెట్టెలు చూడండి. దొరికినది తోమకుండా, ఎవరికీ అమ్మకుండా, రెండు వైపులా ఫోటో మాత్రం తీసుకొని రండి. కళాశాల తెరిచిన మొదటి శనివారం మధ్యాహ్నం ఉర్దూ విభాగం వారిని కూడా పిలిచి గ్రంథాలయంలో కూర్చుందాము. భూతద్దాలు రెండు నా వద్ద ఉన్నవి.