నెల తప్పకముందే వేసుకోవాల్సిన ప్లాను

డిప్రెషన్‌కి మందు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయిలు చాలామంది, ఇక బిడ్డను కందామనుకోగానే మాత్రలు ఆపేస్తారు. డాక్టరుకు చెప్పరు, కొన్నిసార్లు భర్తకు కూడా చెప్పరు. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనన్న భయం, ఇంట్లో పెద్దవాళ్ళ ఒత్తిడి కలిసి ఆ పని చేయిస్తాయి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా ఉన్నపళంగా మందు ఆపడం మీకూ మంచిది కాదు, పుట్టబోయే బిడ్డకూ మంచిది కాదు.

అందరూ ఆపనక్కర్లేదు

జబ్బు ఒక్కసారే, కొద్దిగా వచ్చి, చాలాకాలంగా బాగున్నవాళ్ళు కౌన్సెలింగ్ తోడుగా మందు తగ్గించుకోవచ్చు. పదేపదే వచ్చినవాళ్ళకు, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్ళినవాళ్ళకు మందు కొనసాగించడమే మేలని డాక్టర్లు తరచూ చెబుతారు. 2006లో అమెరికాలో 201 మంది గర్భిణులపై వచ్చిన ఒక అధ్యయనంలో, మందు ఆపినవాళ్ళలో 68 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవాళ్ళలో అది 26 శాతమే. ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది జబ్బు పదేపదే వచ్చినవాళ్ళు కాబట్టి ఈ లెక్క అందరికీ వర్తించదు. మీ జబ్బు చరిత్రను బట్టే మీ నిర్ణయం ఉండాలి.

మందులన్నీ ఒకటి కాదు. గర్భిణులకు సెర్ట్రలిన్‌ను డాక్టర్లు ఎక్కువగా ఎంచుకుంటారు. పరోక్సెటిన్‌తో బిడ్డకు గుండె లోపాల ముప్పు కొద్దిగా పెరగవచ్చు కాబట్టి ముందే మార్చే అవకాశం ఉంటుంది. మూడ్ మార్పులకు వాల్‌ప్రొయేట్ వాడుతుంటే మాత్రం గర్భం కోసం ప్రయత్నించకముందే డాక్టరును తప్పక కలవండి. అది బిడ్డ మెదడు, వెన్నుపాముల ఎదుగుదలకు హాని చేస్తుంది. దాన్నీ సొంతంగా ఆపకూడదు.

కనీసం ఆరు నెలల ముందు

మందు ఆపాలని డాక్టరుతో కలిసి నిర్ణయించుకుంటే, గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. మోతాదు తగ్గించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చివరి చిన్న మోతాదుల దగ్గరే ఎక్కువ నిదానం కావాలి. డిప్రెషన్ మందులు తక్కువ మోతాదులోనే మెదడులో బలంగా పనిచేస్తాయి కాబట్టి, సగం మాత్ర నుంచి సున్నాకు దిగడం చాలా పెద్ద మార్పవుతుంది. నెమ్మదిగా మందు వదిలే రకం మాత్రలను, క్యాప్సూల్స్‌ను మీ అంతట మీరు విరవొద్దు, విప్పొద్దు. మందు పూర్తిగా ఆపి, కొన్ని నెలలు బాగున్నాకే ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది. అంతవరకు గర్భనిరోధం కొనసాగించండి. బిడ్డ వెన్నుపాము గర్భం నిలిచిన తొలి నాలుగు వారాల్లోనే రూపుదిద్దుకుంటుంది. అందుకే ఫోలిక్ యాసిడ్‌ను ముందునుంచే వేసుకోవాలి. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు సరిపోతుంది. ఎక్కువ కావాలో లేదో డాక్టరు చెబుతారు.

ఆఫీసు క్యాలెండరు ముందు పెట్టుకోండి

మోతాదు తగ్గిన కొద్దిరోజుల్లో తల తిరగడం, వికారం, నిద్రలేమి, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు. వెన్లాఫాక్సిన్, పరోక్సెటిన్‌లతో ఇవి ఎక్కువ. కాబట్టి ప్రాజెక్టు రిలీజ్, మార్చి నెలాఖరు లెక్కలు, పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, బదిలీ ఉన్న నెలలో మోతాదు తగ్గించొద్దు. టీచర్లకు వేసవి సెలవులు అనువైనవి. నైట్ షిఫ్ట్ ఉంటే ఆ కొన్ని వారాలు పగటి షిఫ్ట్ అడగండి. తల తిరుగుతున్న రోజున స్కూటీ తీయొద్దు.

మేనేజరుకు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. "డాక్టరు మందు మారుస్తున్నారు, కొన్ని వారాలు పని కాస్త సర్దుబాటు చేయండి" అంటే చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాల గోప్యత మీ హక్కు. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు. కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకే వాడుకోవచ్చు. డిప్రెషన్ ఉన్నవాళ్ళకు కాన్పు తర్వాతి నెలలే ఎక్కువ గండం. అందుకే వీలైనంత సెలవు అప్పటికి దాచుకోండి.

ఏది మందు ప్రభావం, ఏది జబ్బు

మోతాదు తగ్గిన వెంటనే మొదలై, తల తిరగడంలాంటి శారీరక ఇబ్బందులతో ఉంటే అది చాలావరకు మందు తగ్గిన ప్రభావం. వారాల తర్వాత మెల్లగా దిగులు ముసురుకుని, దేనిమీదా ఆసక్తి లేకపోతే జబ్బు తిరగబెడుతోందని అనుమానించాలి. రోజూ నిద్ర, మనసు, పని గురించి ఒక్క వాక్యం రాసుకుంటే డాక్టరుకు తేడా తెలుస్తుంది. జబ్బు తిరగబెడుతున్న గుర్తులు మీకంటే ముందు భర్తకు కనిపించొచ్చు. అందుకే ఆయన్ని మొదటి అపాయింట్‌మెంట్‌కే తీసుకెళ్ళండి.

అనుకోకుండా నెల తప్పితే కంగారుపడి మాత్రలు ఆపొద్దు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఎవరితోనైనా వెంటనే చెప్పండి. టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ వారమే సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకోండి. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, ఇంతకుముందు ఎన్నిసార్లు జబ్బు చేసిందో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. గైనకాలజిస్టుకూ అదే కాగితం చూపించండి. మందుతోనైనా, మందు లేకుండానైనా మీరు కుదుటగా ఉండటమే మీ బిడ్డకు కావలసింది.