గోడ మాటున తడి

వేసవిలో ఎండ 45 డిగ్రీలను దాటే జగిత్యాల జిల్లా కోరుట్లలో ఏసీ నేడు అనేక గృహాలకు చేరింది. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమను అదుపు చేయుటకు ఈ విధానాన్ని రూపొందించాడు. గదిగాలి చల్లని గొట్టపుచుట్టలను తాకగానే అందలి ఆవిరి నీరై పళ్లెంలో చేరి, సన్నని గొట్టం ద్వారా వెలుపలికి పోతుంది. ఆ గొట్టంలో దుమ్ము, నాచు పేరుకొన్నా, వాలు తప్పినా నీరు గోడలోనికి మళ్లుతుంది. సున్నం పొరలు లేచేనాటికి శ్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉండవచ్చు. గోడకు పట్టిన బూజు శ్వాసకు చేటు. తేమను తొలగించే సాధనమే తేమకు మూలమగుట విచిత్రం. కనుక ఉక్కపోతనాడు గొట్టం చివర చుక్కలు రాలుతున్నవా అని గమనించాలి. రాలకపోతే, ఆ నీరు ఇంటిలోనే ఇంకుతున్నదేమోనని శంకించాలి.