బౌంటీ ఓడ సంగీతం: ఒక పాత వయొలిన్ వాయిద్యగాడి పాఠాలు

మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వాయించి బతికినవాణ్ణి. రీరికార్డింగ్ గురించి కుర్రాళ్లు అడిగితే పాత ఇంగ్లీషు సినిమా ఒకటి చూడమంటాను: 1962 నాటి ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’. సంగీతం బ్రోనిస్లా కేపర్.

1. బహుమతుల పట్టిక చూసి చెవులు మూసుకోకండి. ఆ ఏడే ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ వచ్చింది. సంగీతానికి ఆస్కార్ మారిస్ జార్‌కి వెళ్లింది. ‘బౌంటీ’కి ఏడు నామినేషన్లు వచ్చినా ఒక్కటీ చేతికందలేదు. ఎడారి బాణీ ఊరూరా మోగింది, సముద్రపు బాణీ అడుగున పడిపోయింది. ఈ సినిమా మాటెత్తితే దర్శకుడు మధ్యలో మారడం, తడిసి మోపెడైన ఖర్చు, మార్లన్ బ్రాండో గొడవలు, ఇవే చెబుతారు.

2. మనిషి పాత పని కూడా వినండి. వార్సాలో పుట్టిన కేపర్‌కి ‘లిలీ’ సంగీతానికి అప్పటికే ఆస్కార్ ఉంది. 1947లో ‘గ్రీన్ డాల్ఫిన్ స్ట్రీట్’కి ఆయన కట్టిన బాణీని జాజ్ వాళ్లు సొంతం చేసుకున్నారు, 1958లో మైల్స్ డేవిస్ కూడా వాయించాడు. పాట కట్టడం తెలిసినవాడు కాబట్టే అంత పెద్ద ఆర్కెస్ట్రా పెట్టుకున్నా రాగం దారి తప్పదు.

3. హోరులో ఏ వాద్యం బతుకుతుందో తెలియాలి. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైనది తుఫాను సీను. బౌంటీ కెప్టెన్ బ్లై మొండిపట్టు పట్టి ఓడను కేప్ హార్న్ మీదుగా తీసుకెళ్లబోతాడు. తుఫాను. కింద సరుకు గదిలో పీపా ఒకటి కట్లు తెంపుకుని దొర్లి నావికుణ్ణి నలిపేస్తుంది. గాలి, అలలు, చెక్కల కిరకిర, కేకలు అన్నీ ఒకే ట్రాకు మీద పడతాయి. అలాంటి చోట వయొలిన్లు ఎంత వేగంగా వాయించినా మిక్సింగులో నీళ్లపాలే. మా దగ్గరా అంతే: పొద్దున్నించి చెమటోడ్చి వాయించిన బిట్, సినిమా హాల్లో వర్షం చప్పుడు కింద చచ్చి ఊరుకునేది. హోరును చీల్చుకుని వచ్చేవి బ్రాస్ (ఇత్తడి బూరలు), టింపనీ డోళ్లు. తుఫాను సీను నేర్చుకోవాలనుకునే కుర్రాడు ముందు మాటలూ శబ్దాలూ లేకుండా రికార్డు మీద విని, ఆ తర్వాత సినిమాలో వినాలి. ఏ వాద్యం మిగిలిందో, ఏది మునిగిందో కాగితం మీద రాసుకోవాలి. ఏ బడిలోనూ దొరకని చదువది.

4. ఊరు మారితే వాద్యమూ మారాలి. తహితీ చేరేసరికి డోళ్లు, బృందగానం ముందుకొస్తాయి. ఇంగ్లండు రేవు నుంచి బయల్దేరిన ఆర్కెస్ట్రా బిగువు సడలిపోతుంది. అక్కడి ప్రేమపాట ‘ఫాలో మీ’ కూడా పాటల విభాగంలో నామినేట్ అయింది. (ఇంతకీ ఆ ఓడ తహితీ వెళ్లింది సీమపనస మొక్కల కోసం, వెస్టిండీస్‌లోని బానిసలకు చవకగా తిండి పెట్టడానికి. కోనసీమలో మనం వేపుడు చేసుకుంటామే, అదే సీమపనస. ఆ మొక్కలకు పొయ్యడానికి మనుషుల మంచినీళ్లకు బ్లై కోత పెట్టాడనే సినిమాలో తిరుగుబాటు రేగుతుంది.)

5. ఓవర్చర్ దాటెయ్యకండి. ఆ రోజుల్లో పెద్ద సినిమాలకు తెర తొలగక ముందే ఆర్కెస్ట్రా వినిపించేవారు. ఇప్పుడు ఇళ్లలో బొమ్మ రాలేదని రిమోటు నొక్కేస్తున్నారు. మంచి స్పీకర్లు పెట్టుకుని, లైటు తీసేసి, అక్కణ్ణించే మొదలుపెట్టండి.

6. జార్‌కి వచ్చిన ఆస్కార్ మీద నాకు పేచీ లేదు. కానీ తుఫాను సీను దగ్గరికొస్తే నా ఓటు కేపర్‌కే.